18 క్రియలతో ఇంగ్లిష్: ఆగ్డెన్ లెక్కకు రాని భారం

1930లో సి. కె. ఆగ్డెన్ 'బేసిక్ ఇంగ్లిష్' అనే చిన్న పుస్తకం ప్రకటించాడు. ఇంగ్లిష్ మాతృభాష కాని వారందరికీ పనికివచ్చే తేలికపాటి భాషను రూపొందించడం అతని సంకల్పం. అందుకు 850 మాటలు చాలునన్నాడు. వాటిలో 600 నామవాచకాలు, 150 విశేషణాలు, మిగిలిన 100 వాక్యాన్ని నడిపించే మాటలు. ఈ నూరింటిలో క్రియలు 18 మాత్రమే. కమ్, గో, గెట్, గివ్, కీప్, లెట్, మేక్, పుట్, టేక్, సీమ్, బి, డు, హావ్, సే, సీ, సెండ్ అనే పదహారింటికి మే, విల్ అనే రెండు సహాయక క్రియలు తోడు.

వేలాది క్రియలున్న భాష పద్దెనిమిదింటితో ఎలా నడుస్తుంది? ఇన్, అవుట్, అప్, ఆఫ్, ఓవర్, త్రూ వంటి చిన్న మాటల ఆసరాతో నడుస్తుందన్నది ఆగ్డెన్ సమాధానం. 'ఎంటర్' అక్కరలేదు, 'గో ఇన్' ఉంది. 'ఇన్సర్ట్' అక్కరలేదు, 'పుట్ ఇన్' ఉంది. 'అబాండన్' స్థానంలో 'గివ్ అప్' సరిపోతుంది. 1943లో చర్చిల్ హార్వర్డ్‌లో చేసిన ప్రసంగంలో ఈ పథకాన్ని సమర్థించాడు. 1946లో బ్రిటిష్ ప్రభుత్వం దాని హక్కులను కొనుగోలు చేసింది. ఆ తరవాత పథకం మరుగున పడినా, దాని వెనక ఉన్న నమ్మకం పోలేదు. పొట్టి క్రియ, దాని పక్కన ఒక చిన్న మాట ఉంటే అది 'సులభమైన ఇంగ్లిష్' అనీ, లాటిన్ మూలం నుంచి వచ్చిన పొడుగు మాట కష్టమనీ ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాం. ఆ సులభత్వం ఎవరికి అన్నదే ప్రశ్న.

ఆగ్డెన్ మాటలను లెక్కపెట్టాడు, అర్థాలను కాదు. టేక్, ఇన్ రెండూ అతని జాబితాలో ఉన్నాయి. అవి కలిస్తే వచ్చే 'టేక్ ఇన్' మాత్రం ఒకచోట ఆశ్రయమివ్వడం, ఒకచోట విన్నదాన్ని గ్రహించడం, ఒకచోట వదులైన బట్టను బిగించి కుట్టడం, మరొకచోట మోసగించడం. పుట్, అప్, విత్ మూడూ జాబితాలోనివే. మూడింటినీ విడివిడిగా ఎంత బాగా నేర్చుకున్నా, అవి కలిసినప్పుడు 'సహించడం' అనే అర్థం వస్తుందని ఎవరూ ఊహించలేరు. 850 మాటల జాబితాలో దీనికి అదనపు చోటు అక్కరలేదు. నేర్చుకునేవాడి జ్ఞాపకంలో మాత్రం ఇది ఒక కొత్త క్రియ.

చిక్కు ఇంతటితో తీరదు. ఒకే చిన్న మాట ఒకచోట క్రియావిశేషణంగానూ, ఇంకొకచోట ప్రిపొజిషన్‌గానూ పనిచేస్తుంది. 'ద డాక్టర్ సా హర్ త్రూ' అంటే వైద్యుడు ఆమెను గండం గట్టెక్కించాడని. 'ద డాక్టర్ సా త్రూ హర్' అంటే ఆమె నటనను పసిగట్టాడని. మాటలు అవే, చోటు మారిందంతే. మొదటి వాక్యంలో 'త్రూ' క్రియలో భాగమైన క్రియావిశేషణం, సర్వనామం వాటి నడుమ చేరింది. రెండవదానిలో అది సర్వనామాన్ని వెంటబెట్టుకున్న ప్రిపొజిషన్. 'గెట్ ఓవర్ ఇట్' అంటే దాన్నుంచి కోలుకోవడం, 'గెట్ ఇట్ ఓవర్' అంటే దాన్ని ముగించేయడం. ఈ తేడా మాటల జాబితాలో దొరకదు, వాక్యనిర్మాణంలో ఉంటుంది.

తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. సంస్కృతంలో 'గమ్' ధాతువుకు అర్థం వెళ్ళడం. ఉపసర్గ చేరగానే ఆగమనం రావడమవుతుంది, సంగమం కలవడమవుతుంది, అవగతం అర్థం కావడమవుతుంది. వేదభాషలో ఉపసర్గ క్రియకు దూరంగానూ, క్రియ తరవాతనూ నిలవగలదని పాణిని సూత్రీకరించాడు. తరవాతి సంస్కృతంలో అది ధాతువుకు ముందు అతుక్కుపోయింది. ఇంగ్లిష్ దాదాపు ఎదురుదారిలో నడిచింది. పాత ఇంగ్లిష్‌లో క్రియకు ముందు అతికించే పద్ధతి ప్రబలంగా ఉండేది. 'అండర్‌స్టాండ్', 'ఓవర్‌కమ్', 'విత్‌స్టాండ్' ఆనాటి గుర్తులు. మధ్యయుగాలలో చిన్న మాట క్రియ తరవాత విడిగా నిలిచే పద్ధతి బలపడింది. 'అవగతం' అన్నప్పుడు కిందికి వెళ్ళడం తెలుగువారి మనసులో మెదలదు. 'అండర్‌స్టాండ్' అన్నప్పుడు కింద నిలబడటం ఇంగ్లిష్‌వారికీ తోచదు. రెండూ ముక్కలుగా కాక మొత్తంగానే మనసులో నిలిచాయి.

అచ్చ తెలుగులోనూ ఇలాంటివి కొల్లలు. 'మేడ పైకి వచ్చాడు' అంటే మెట్లెక్కాడని, 'కష్టపడి పైకొచ్చాడు' అంటే జీవితంలో ఎదిగాడని. 'నాలుగు రాళ్ళు వెనకేశాడు' అంటే కూడబెట్టాడని, 'తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడు' అంటే తప్పున్నా సమర్థించాడని. వెనక, వేయు, వచ్చు అనే మూడు మాటలు నేర్పి, ఇక ఈ వాక్యాలన్నీ వచ్చినట్టేనని తెలుగు నేర్చుకునే విదేశీయుడికి ఎవరైనా చెబితే నవ్వుకుంటాం. ఆగ్డెన్ పథకం ఇంగ్లిష్ విషయంలో చెప్పింది అదే.

దీని బరువు తెలిసేది ఆసుపత్రిలో. తెలుగు మాధ్యమంలో చదువుకుని, వైద్యవిద్య ఇంగ్లిష్‌లో పూర్తిచేసి, పరదేశంలో ఉద్యోగంలో చేరిన వైద్యుడికి 'వామిటింగ్', 'సింకపీ', 'ఎక్స్‌పెక్టొరేషన్' కొట్టినపిండి. ఒక మాట, ఒక అర్థం. సంస్కృత సమాసాలకు అలవాటుపడిన చెవికి అవి పరాయివిగా తోచవు. రోగి నోట మాత్రం అవి రావు. వాంతి 'త్రో అప్' అవుతుంది, నొప్పి మొదలవడం 'కమ్ ఆన్' అవుతుంది, మందు ప్రభావం తగ్గిపోవడం 'వేర్ ఆఫ్' అవుతుంది. 'బ్రింగ్ అప్' అంటే కఫం పడటమా, బిడ్డను పెంచడమా, ప్రస్తావన తేవడమా అన్నది సందర్భాన్ని బట్టి ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. 'పాస్ అవుట్' అంటే స్పృహ తప్పడం, 'పాస్ అవే' అంటే కన్నుమూయడం. తేడా ఒక్క చిన్న మాట. సులభమనుకున్న ఇంగ్లిషే ఇక్కడ కష్టమైనది. ఆగ్డెన్ తొలగించదలచిన పొడుగు మాటలే ఈ వైద్యుడికి ఊతకర్రలు.

ఆగ్డెన్ ఆలోచనలో నిజం లేదని కాదు. చిన్న మాటల అర్థాలకు మూలం దిక్కులోనూ చోటులోనూ ఉందని అతను గ్రహించాడు. 1980లో లేకాఫ్, జాన్సన్‌లు రాసిన 'మెటాఫర్స్ వి లివ్ బై', 1981లో 'అప్', 'అవుట్'ల మీద సూసన్ లిండ్నర్ చేసిన పరిశోధన ఆ దారిలోనే చాలా దూరం వెళ్ళాయి. 'ఈట్ అప్'లోని 'అప్' పని పూర్తయిందని తెలుపుతుంది. తెలుగులో 'తినేశాడు' అన్నప్పుడు 'వేయు' చేసే పనీ అదే. ఇటువంటి పోలికలు చూపితే తెలుగు విద్యార్థికి దారి సుగమమవుతుంది. అయితే అర్థం తెలిశాక దాని కారణం వివరించడం వేరు, ముందుగా అర్థాన్ని ఊహించగలగడం వేరు. శవపరీక్షలో తేలే కారణం రోగనిర్ణయానికి సాటి రాదు. చోటుకు సంబంధించిన మూలార్థం జ్ఞాపకానికి సాయపడుతుంది కాని జ్ఞాపకం అక్కరలేకుండా చేయదు.

ఈ కష్టాన్ని ఇంగ్లిష్‌వారు గుర్తించకపోలేదు. క్రియల వెనక చేరే ఈ చిన్న మాటలు పరదేశీయులకు మహా క్లేశం కలిగిస్తాయని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు పీఠికలోనే ఒప్పుకున్నాడు, అటువంటి కలయికలను శ్రద్ధగా పోగుచేశాడు. బెంగాల్‌లో ఇంగ్లిష్ బోధన మీద పనిచేసిన మైకేల్ వెస్ట్, సహచరులతో కలిసి 1934లో బేసిక్ ఇంగ్లిష్‌ను పరీక్షించి విమర్శించాడు. ఆగ్డెన్ కంటే 175 ఏళ్ళ ముందటి నిఘంటుకారుడు నేర్చుకునేవాడి వైపు నుంచి చూశాడు. ఆగ్డెన్ జాబితా తయారుచేసేవాడి వైపు నుంచి చూశాడు.

పొదుపు అన్నది ఎవరి ఖాతాలో జమ అవుతుందో, ఎవరి ఖాతాలో ఖర్చవుతుందో చూడకుండా దాన్ని మెచ్చుకోలేం. 18 క్రియల పొదుపు జాబితాను చిన్నదిగా చేసింది. మిగిలిన భారాన్ని, పుట్టుకతో ఆ భాష రాని శ్రోత నెత్తిన పెట్టింది. ఇంగ్లిష్ క్రియను పక్కనున్న చిన్న మాటతో కలిపి, వాక్యంలో ఉంచి, ఒకే మాటగా నేర్పడం ఒక్కటే నిజాయితీ గల బోధన. అప్పుడు లెక్క పెద్దదే అవుతుంది. కాని అది సరైన లెక్క.