తల చెప్పే కాలి నొప్పి

సంతలో ఎద్దుల బేరానికి వచ్చిన రైతు పళ్లు చూసి, సుడులు చూసి ఊరుకోడు. నడిపించమంటాడు, ముందు మెత్తటి నేల మీద, తర్వాత గట్టి బాట మీద. ఎదురుగా నిలబడ్డప్పుడు అతని చూపు కాళ్ల మీద కాదు, తల మీద ఉంటుంది. ముందుకాలు నొప్పి ఉన్న ఎద్దు ఆ కాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది, మంచి కాలి మీదికి బరువు మారగానే దించుతుంది. నొప్పి వెనక కాలిదైతే ఆ వైపు తుంటి ఎక్కువగా ఎగిసిపడుతుంది. పక్క నుంచి అడుగుజాడ చూస్తాడు. కాళ్లు బాగున్న పశువు వెనక గిట్ట, ముందు గిట్ట వదిలిన అచ్చులోనే దాదాపుగా పడుతుంది. అడుగు కురచై అచ్చుకు వెనకే పడిపోతుంటే బేరం అక్కడితో ఆగుతుంది.

పశువైద్య విద్యార్థులకు నేర్పేదీ ఇదే చూపు. 1997లో అమెరికాలో పాడి ఆవుల నడకకు 1 నుంచి 5 దాకా అంకెలు వేసే పద్ధతి వచ్చింది. అది వెన్ను చూడమంటుంది. నిలబడ్డప్పుడు చదునుగా ఉన్న వెన్ను నడకలో వంగిందంటే, కుంటు ఇంకా పైకి తెలియకపోయినా, ఆవు 2లో ఉన్నట్టే.

నా బాధ ఏమిటంటే, ఎద్దులతో పాటు ఈ చూపు కూడా ఊళ్లు ఖాళీ చేస్తోంది. అరక కట్టే రైతుకు పశువు నడక రోజూ కళ్ల ముందే ఉండేది. ఇప్పటి పాడి గేదె పగలూ రాత్రీ గాటికే కట్టేసి ఉంటుంది. నడవని పశువులో కుంటు ఎవరికి కనబడుతుంది? మేత తగ్గి, పాలు తగ్గాక గానీ అనుమానం రాదు. అందుకే రోజుకొకసారైనా పలుపు విప్పి, నీళ్ల తొట్టి దాకా నడిపించి చూడాలి.

పాడి పశువులు కుంటినప్పుడు చాలాసార్లు నొప్పి గిట్టలోనే ఉంటుంది, అందులోనూ ఎక్కువగా వెనక కాలి బయటి డెక్కలో. కాలు కడిగి డెక్కల సందు వెతకాలి: రాయి, ముల్లు, పుండు, దుర్వాసన. చేతి వెనకవైపు ఆనించి వేడి చూడాలి, నాలుగు కాళ్లనూ పోల్చి చూడాలి. పేడ, మూత్రం నిలిచే నేల గిట్టను నానబెట్టి మెత్తన చేస్తుంది. తిరుగుడు లేక అరగని గిట్ట పెరిగి వంకరపోతుంది, దాన్ని ఏటా ఒకటి రెండుసార్లు తెలిసినవాళ్లతో చెక్కించాలి. పెళ్లిలో మిగిలిన అన్నం ఒక్కసారిగా పెట్టినా గిట్ట లోపల వాపు రావచ్చు.

బండి ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్ల పనితనం ఇక్కడ తలుచుకోవాలి. ఎద్దును తాళ్లతో పడగొట్టి, కాళ్లు కట్టి, ముందు గిట్ట అడుగును చదును చేస్తారు. గుర్రానికైతే కాలికొక లాడం చాలు, ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి రెండు రేకులు కావాలి. మేకు చచ్చుగా ఉండే అంచులోంచే బయటికి రావాలి. నూలుపోగంత లోపలికి జరిగితే జీవమున్న కండకు తగులుతుంది, లాడం కొట్టినందుకే ఎద్దు కుంటుతుంది.

గొర్రెల సంగతి వేరు. వానాకాలం మందలో ఒక గొర్రె ముందు మోకాళ్ల మీద వంగి మేస్తోందంటే కాపరి దాని గిట్టలు తిప్పి చూస్తాడు. గిట్ట కుళ్లు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుతుంది, అలాంటిదాన్ని వెంటనే వేరు చేయాలి. మందను 10 శాతం జింక్ సల్ఫేట్ నీళ్లలో నిలబెట్టడం మంచిది. మైలుతుత్తం నీళ్లూ వాడతారు గానీ గొర్రె వాటిని తాగితే విషం. కుళ్లిన గిట్టను లోతుగా కోయడం పాత అలవాటు, దానివల్ల మానడం ఆలస్యమవుతుంది.

కొన్ని కుంట్లు గిట్టతో తేలేవి కావు. నోట్లో బొబ్బలు, కారే చొంగ, గిట్టల సందున పుళ్లు కలిసి వస్తే గాలికుంటు. దానికి ఆరు నెలలకొకసారి వేయించే టీకాయే రక్ష. దిట్టంగా ఉన్న పడుచు పశువు హఠాత్తుగా కుంటి, జబ్బ మీదో తొడ మీదో వాచి, నొక్కితే కరకరలాడితే జబ్బవాపు. అందులో గంటలే గడువు, టీకా వానలకు ముందే పడాలి.

పాత పద్ధతుల్లో నేను ఒప్పుకోనిది వాత. ఎందుకు కుంటుతోందో తెలియకుండానే ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టడం నొప్పికి ఇంకో నొప్పి చేర్చడమే. మోకాలిచిప్ప పట్టేసి కాలు వెనక్కి బిగుసుకుపోయిన పశువుకు ఎన్ని వాతలు పెట్టినా చిప్ప కదలదు. పట్టి ఉంచిన నరంలాంటి కట్టును పశువైద్యుడు చిన్న కోతతో తెంపితే చాలాసార్లు అప్పటికప్పుడే కాలు వంగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. కాల్చిన ఇనుము పట్టుకునే ముందు ఆ ఫోన్ చేయండి.