రంగుల పాళ్లు - సమత్వం

నైరూప్య చిత్రమనగానే మన అభ్యుదయవాదుల్లో చాలామంది పెదవి విరుస్తారు. మనిషి లేడు, పొలం లేదు, మిల్లు లేదు. ఉన్నవల్లా గళ్లూ, రంగులూ. కనుక ఇది వట్టి రూపవాదమని తీర్పు చెబుతారు. ఈ తీర్పు ఎంత తొందరపాటుదో తెలియాలంటే స్విస్ చిత్రకారుడు రిచర్డ్ పాల్ లోజె (1902-1988) కృషిని పరిశీలించాలి.

లోజె జూరిచ్ వాడు, ఫాసిస్టు వ్యతిరేకి. 1937లో నాజీలు మ్యూనిక్‌లో ఆధునిక చిత్రాలను "భ్రష్ట కళ" పేరిట ప్రదర్శించి అవమానించారు. ఆ సంవత్సరమే అతడు మిత్రులతో కలిసి "అలియాంజ్" అనే ఆధునిక చిత్రకారుల సంఘం స్థాపించాడు. 1940ల నుంచి అతడు పెంపొందించిన పద్ధతి స్థూలంగా ఇది: ఆరు రంగులు తీసుకున్నామనుకోండి. పటాన్ని 36 సమాన చదరాలుగా విభజించాలి. ప్రతి అడ్డువరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ ఒక్కొక్క రంగు ఒక్కసారే రావాలి. అప్పుడు ప్రతి రంగుకూ సరిగ్గా ఆరు చదరాలు దక్కుతాయి. అందులో నాయక వర్ణమూ లేదు, నేపథ్యంగా మిగిలిపోయే వర్ణమూ లేదు. ఈ సమాన పంపకం ప్రజాస్వామ్య సూత్రమేనని లోజె భావించాడు. మనిషి బొమ్మ లేనంతమాత్రాన సంఘాన్ని గురించిన ఆలోచన లేదనడం ఎలా చెల్లుతుంది?

ఐతే అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. చదరాలు సమానమే, కంటికి రంగులు సమానమా? పసుపు మెరిసి ముందుకు వస్తుంది. ఊదా వెనక్కి ఒదుగుతుంది. ఒకే రంగు ఇరుగుపొరుగును బట్టి వేరువేరుగా కనబడుతుందని జోసెఫ్ ఆల్బర్స్ 1963లో వెలువడిన గ్రంథంలో నిరూపించాడు. మన కందపద్యం చూడండి. గగ, భ, జ, స, నల - ఐదు గణాలూ నాలుగేసి మాత్రలే. ఐనా బేసి గణంగా జగణం రాకూడదు. ఆరవ గణం జగణమో నలమో కావాలి. మాత్రలు సమానమైనా నడక వేరు కనుకనే స్థాన నియమం అవసరమైంది. లోజె పద్ధతిలోనూ ప్రతి రంగూ ఒకమారు అంచున, ఒకమారు నడుమ నిలుస్తుంది. పాలు ఎంత ముఖ్యమో చోటూ అంత ముఖ్యం.

లోపం మరొకచోట ఉంది. పంచేవాడు చిత్రకారుడొక్కడే, రంగులు పోరాడి తమ చోటు సంపాదించుకోలేదు. నిజమైన సమత్వం ఎవరో గీసిన గళ్లలోకి దిగిరాదు. ఆ పరిమితిని చెప్పడం విమర్శకుని విధి. దాన్ని సాకుగా పెట్టుకుని చిత్రం వైపు చూడకుండా పోవడం మాత్రం విమర్శ కాదు. వస్తువెక్కడని నిలదీసేముందు, నిష్పత్తి కూడా వస్తువు కావచ్చునని మనం గుర్తించాలి.