'షాతల్' ధాత్వర్థ విచారము

హెబ్రీ పాతనిబంధనమున నాటుట యను నర్థమున సామాన్యముగ వాడఁబడు ధాతువు 'నాటా'. తెలుఁగు 'నాటు'తో దీని ధ్వనిసామ్యము కాకతాళీయము. ఆదికాండము 2వ యధ్యాయమున ఏదెను తోఁటకు నిదియే ప్రయుక్తము. మొదటి కీర్తనయందలి వృక్షమునకు మాత్రము 'షాతల్' అను విరళధాతువు వాడఁబడినది. ఇది 10 మారులే కానవచ్చును. అందు 8 కర్మార్థక విశేషణములు.

దీనికి "ఒకచోటనుండి తీసి వేఱొకచోట నాటుట" యని కొందఱు కోశకారు లర్థము చెప్పిరి. యెహెజ్కేలు 17వ యధ్యాయాంతమున దేవదారు చిగురుకొమ్మను త్రుంచి కొండపై నాటుట యీ యర్థమునకు బలమే. కాని యా యధ్యాయముననే 8వ వచనమున, విత్తనమునుండి మొలచిన ద్రాక్షావల్లికిని నీ ధాతువే చెల్లినది. దానిని తీసి మరల నాటినట్లు కథలో స్పష్టముగ లేదు. కావున స్థానాంతరము సందర్భలభ్యమే కాని ధాత్వర్థము గాదు. తెలుఁగుననుం దీని కుదాహరణము కలదు: నారు నాటి రన్నచోఁ బెఱుకుట స్ఫురించును, విత్తు నాటి రన్నచో స్ఫురింపదు. తెలుఁగు బైబిలనువాదకులు కీర్తనలో 'నాటు' పదమునే నిలుపుట యుక్తము.

నీతిమంతుఁడు పాపభూమినుండి పెఱికి తేఁబడెనని యీ పదముపైఁ గట్టు నుపన్యాసము లింపుగనే యుండును. వానికి యిర్మీయా 17వ యధ్యాయము 8వ వచనమును దోడుపడదు. అచట వేళ్లు నీటి యొద్దకుఁ జాఁచుటయే చెప్పఁబడినది, వెనుకటి చోటు చెప్పఁబడలేదు.