తుపాకీకి ఇంజను దిమ్మె

ముక్త్యాలలో మా ఇంటి గోడ మందం రెండడుగులు. చూసినవాళ్ళు కోటగోడలా ఉందంటారు. ఊళ్ళో వాసిరెడ్డి వారి కోట ఉంది కాబట్టి ఆ పోలిక తేలిగ్గా నోటికొస్తుంది. మా గోడలో ఉన్నది మాత్రం రాళ్ళూ, వాటి సందుల్లో మట్టీ, పైన ఒక పూత సున్నం. ఊరి దగ్గర కేసీపీ, జయంతిపురంలో రామ్‌కో, ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే. మా గోడలో చెంచాడు సిమెంటు లేదు.

ఈ సంగతి బయటపెట్టింది డ్రిల్లింగ్ మిషను. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. లైసెన్సు తుపాకీలు స్టేషన్లో అప్పగించమన్నారు. నాన్నగారి తర్వాత నా పేరు మీదికి మారిన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తీసుకెళ్ళి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. అది ఇంట్లో లేని ఆ రోజుల్లోనే దానికో చోటు చూడాలనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అంతవరకూ అది గోడ అల్మరాలో దుప్పట్ల వెనక ఉండేది. సెలవులకి పిల్లలొస్తే నాకు నిద్రుండేది కాదు. వేట రోజులు ఎప్పుడో పోయాయి. దసరాకి బొట్టు పెట్టి, గొట్టాల్లో నూనె గుడ్డ ఆడించి మళ్ళీ లోపల పెట్టడమే.

బెజవాడ నుంచి ఇనప బీరువా తెచ్చాను. ఖాళీది అరవై కిలోలు. ధాన్యం బస్తా డెబ్బై అయిదు. అంటే తాళం జోలికి పోకుండా ఇద్దరు మనుషులు బీరువానే మోసుకుపోవచ్చు. బిగించక తప్పదు. దాంతోపాటు నాలుగు యాంకర్ బోల్టులు ఇచ్చారు. బిగించడానికొచ్చిన కుర్రాడు మొదటి చిల్లు పెట్టేసరికి పసుప్పచ్చటి మట్టి జల్లెడలోంచి పిండిలా రాలింది. బోల్టు తిప్పుతుంటే తిరుగుతూనే ఉంది. రెండు వేళ్ళతో లాగితే చారెడు మట్టిని వెంటేసుకుని వచ్చేసింది. ఆ రకం బోల్టు చిల్లు లోపల ఉబ్బి చుట్టూ నెడుతుంది, గోడ ఎదురు నెడితేనే దానికి పట్టు. కాంక్రీటు ఎదురు నెడుతుంది. మట్టి మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది.

మర్నాడు పెద్దమేస్త్రి వచ్చాడు. మెటికలతో గోడ పొడవునా కొట్టుకుంటూ పోయి, అల్మరా దగ్గర ఆగాడు. "ఇక్కడ మాత్రం వద్దండీ. అల్మరా కోసం అడుగు తినేశారు, మిగిలింది అడుగే. అవతల వీధి. గునపం ఉన్నోడికి గంట పని."

మనవాళ్ళు దొంగతనాన్ని కన్నం వెయ్యడం అనే అన్నారు కదా. తలుపు మీద కన్నా గోడ మీదే దొంగకి నమ్మకం. 1860 నాటి శిక్షాస్మృతి 445వ సెక్షన్లో ఇల్లు పగలగొట్టడమంటే ఏమిటో చెబుతూ ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ కూడా అదే: గోడకి కన్నం చేసి చెయ్యి లోపల పెట్టడం. రాసినవాళ్ళు ఇటువంటి ఇళ్ళు చూసే రాసి ఉంటారు.

మరేం చేద్దాం మేస్త్రీ అంటే, ఆయన నన్నే ఎదురడిగాడు. "ఏటొడ్డున మీ ఆయిలింజను దేనికి బిగించారండీ?"

దిమ్మెకి. ఇసక నేలలో గుంట తవ్వి, కాంక్రీటు పోసి, అది పచ్చిగా ఉండగానే కింద కొక్కెం వంచిన బోల్టులు నిలబెట్టి, ఆరాక ఇంజను దించాం. అదురుకి నేలంతా వణికినా ఇంజను అంగుళం జరగలేదు. అంత తెలిసి కూడా ఇంట్లోకొచ్చేసరికి నేను గోడ వైపే చూశాను.

నడిమి గదిలో, వీధి తగలని మూల, రెండు నాపరాళ్ళు లేపించాడు. రెండడుగుల చదరం, అడుగున్నర లోతు గుంట. బీరువా అడుగున ఉన్న చిల్లులు అట్టముక్క మీద గుర్తు పెట్టి, ఆ అట్టలోంచే బోల్టులు గుచ్చి నిలబెట్టాడు. పాళ్ళు ఒకటి, రెండు, నాలుగు. లెక్కేస్తే దిమ్మె ఒక్కటే దాదాపు 400 కిలోలు తేలింది. నట్లు బీరువా లోపల బిగుస్తాయి కాబట్టి తలుపు తెరవందే రెంచీ పట్టదు. ఏప్రిల్ ఎండలో తడి గోనె కప్పి పూటకో బిందె పోయడం నా వంతు. వారం దాటగానే ఎక్కించేద్దామన్నాను. ఇంకో రెండు వారాలు ఆగమన్నాడు.

అమ్మ ఇదంతా మంచం మీంచి చూస్తూ, "మీ తాత ఇనప్పెట్టె గోడకి ఆనించను కూడా లేదురా" అంది. ఆ పెట్టెకి దాని బరువే కాపలా. ధాన్యం పాతరలో ఉండేది, అదీ నేలలోనే.

గోడతో అసలు పని లేకపోలేదు. పొడుగాటి బీరువా ముందుకి తూలకుండా పైన ఒక్క బోల్టు కావాలి. దాన్ని గోడ అవతలి గదిలోకి పూర్తిగా దూర్చి, అక్కడ ఆరంగుళాల ఇనప పలక వేసి బిగించాడు. గోడని రెండు వైపులా అదిమి పట్టినట్టన్నమాట. మిషను అదురుకి రాళ్ళు వదులవుతాయని ఆ చిల్లు ఉలితోనే తొలిచాడు. కన్నం చుట్టూ సిమెంటు పూద్దామంటే ఒప్పుకోలేదు. మట్టిగోడ చెమ్మ బయటికి వదలాలట, సిమెంటు పూస్తే లోపలే ఉడికి చౌడు పడుతుందట. సున్నమే పూశాడు. బీరువాకీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలాడు. ఏటి పక్క ఊరు, గోడ చెమ్మ తగిలితే ఇనుముకి తుప్పు ఖాయం. తూటాలకి వేరే అర, వేరే తాళం. ఆ తాళంచెవులు ఎక్కడున్నాయో ఇంట్లో ఇద్దరికే తెలుసు, అది ఈ కాలమ్‌లో రాయను.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. తర్వాత తుపాకీ తెచ్చుకుని నిలబెట్టాను. ఆగస్టు 31న పట్టుకున్న వాన సంగతి మా జగ్గయ్యపేట, నందిగామ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ తడికి మా వంటింటి వెనకగోడ మూడు గజాల మేర కూర్చుండిపోయింది. చూడ్డానికి మేస్త్రిని పిలిచాను. ఆయన వంటింట్లోకి పోలేదు. తిన్నగా నడిమి గదిలోకెళ్ళి, బీరువా భుజం మీద చెయ్యేసి ఒకసారి ఊపి చూశాడు. ఆ తర్వాతే గోడ దగ్గరికొచ్చాడు.