గాజు పెట్టెలో గుస్సాడీ

మ్యూజియంలకు, ప్రభుత్వ ఉత్సవాలకు గుస్సాడీని పిలవడం ఇప్పుడు మామూలైంది. పిలుపు వస్తే మాకు సంతోషమే. మర్లవాయి కనకరాజు గారు ఈ ఆటను ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకుపోయారు, ఎందరో యువకులకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వస్తే మనమంతా గర్వపడ్డాం. 2024లో ఆయన కన్నుమూశారు. కాబట్టి బయట ఆడొద్దని మేము అనం. ఎట్లా చూపిస్తున్నారన్నదే మా ప్రశ్న.

గుస్సాడీ దండారిలో భాగం. దీపావళి రోజుల్లో భోగితో మొదలై కోలబోడితో ముగుస్తుంది. ఒంటికి బూడిద పూసుకుని నెమలి ఈకల టోపీ పెట్టినవాడు ఆ రోజుల్లో స్నానం చేయడు. అతన్ని మనం దేవుడిగానే చూస్తాం. దండారి ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి విడిదికి పోతుంది. ఆ గూడెం ఎదురొచ్చి అన్నం పెడుతుంది. రాత్రంతా ఆట, పాట. పెళ్లి సంబంధాల మాటలూ అక్కడే నడుస్తాయి.

పది నిమిషాల ప్రదర్శనలో ఇవేవీ ఉండవు. టోపీ, గజ్జెలు, ఫొటో మిగులుతాయి. అతిథిని వేదిక దాకా తోడ్కొని పోవడానికి గుస్సాడీని ముందు నడిపిస్తే, దేవుడి వేషం బ్యాండు మేళం పని చేస్తుంది. గాజు పెట్టెలో టోపీ పెట్టి కింద 'గోండుల నృత్యం' అని చీటీ అంటిస్తే, చూసినవాడికి అందం తెలుస్తుంది గానీ నియమం తెలియదు. నియమం తెలియనివాడు ఏ నెలలోనైనా ఆడమంటాడు. రేపు మన పిల్లలూ అట్లాగే నేర్చుకుంటారు. మా భయం అదే.

అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. పిలిచే ముందు గూడెం పటేల్‌ను అడగాలి. ఏది బయట ఆడొచ్చు, ఏది ఆడకూడదో పెద్దలు చెప్పాలి. టోపీ కట్టినవాళ్ల పేరు, ఊరి పేరు రాయాలి. కూలి ముందే మాట్లాడాలి. డోలు, పెప్రె వాయించేవాళ్లకూ సమానంగా ఇవ్వాలి.

టీచర్లకూ ఒక మాట. ఆగస్టు 15కు అట్ట టోపీలు పెట్టించి ఆడించే ముందు, దండారి కథ చెప్పించడానికి ఒక పెద్దమనిషిని బడికి పిలుద్దాం. 1940లలో హైమండార్ఫ్ కాలంలో గోండు పంతుళ్లకు శిక్షణ ఇచ్చిన ఊరు ఇదే మర్లవాయి. ఆ బడుల్లో చదువు గోండిలో మొదలైంది. మ్యూజియం చీటీలో మొదటి వాక్యమూ గోండిలోనే ఉండాలి. దాన్ని రాయగల పిల్లలు ఇప్పుడు మన తరగతుల్లోనే ఉన్నారు.