చల్లటి కషాయం

రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి బెజవాడలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళతో నేరుగా టీ పెట్టుకోవచ్చు. డాబా మీది నల్ల ట్యాంకు పొద్దుటి నుంచీ అదే పనిలో ఉంటుంది. ఈ ఊరికి 'బ్లేజ్‌వాడ' అని ఎవరు పేరు పెట్టారో గానీ, వాళ్ళు వచ్చింది తప్పకుండా మే నెలాఖర్లోనే అయ్యుంటుంది. అలాంటి ఓ మధ్యాహ్నం పక్కింటి కుర్రాడు మా పెరట్లో పడ్డ బంతి కోసం వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి గ్లాసు నింపి ఇచ్చాను. సగం గటగటా తాగేసి, "ఇదేంటి పెద్దమ్మా, బావుందే" అన్నాడు. నోరు జారి "తులసి కషాయంరా, చల్లటిది" అన్నాను. గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. "నాకు జ్వరం లేదుగా!" అని బంతి తీసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకి బంతి మళ్ళీ పడింది. సీసా అదే, ఆకులవే. ఈసారి "ఐస్‌డ్ టీ" అన్నాను. రెండు గ్లాసులు తాగి, వాళ్ళ చెల్లిని కూడా పిలుచుకొచ్చాడు.

నేను ఆడింది అబద్ధమే. అందులో తేయాకు ఒక్క రేకు కూడా లేదు. అయితే ఐస్‌డ్ టీ పుట్టుక గురించి చెప్పుకునే కథలోనూ కొంత కల్పన ఉంది. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకి మన దేశపు టీని ప్రచారం చెయ్యడానికి వెళ్ళిన రిచర్డ్ బ్లెచిండెన్, ఎండకి వేడి టీ ఎవరూ ముట్టకపోతే అందులో ఐసు వేసి ఇచ్చాడనీ, అప్పుడే ఐస్‌డ్ టీ పుట్టిందనీ అంటారు. అంతకు పాతికేళ్ళ ముందే, 1879లో అచ్చయిన వర్జీనియా వంటల పుస్తకంలో చల్లటి టీ చేసే పద్ధతి ఉంది. కథ ఎలా ఉన్నా, టీ పోసినాయన వెళ్ళింది మన తరఫున కాబట్టి ఆ పేరు నేనో పూట అరువు తెచ్చుకుంటే తప్పేమీ కాదనిపించింది.

కుర్రాణ్ణి అనడానికీ లేదు. కషాయానికి చెడ్డ పేరు తెచ్చింది మనమే. 2020లో కరోనా రోజుల్లో ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాలు కలిపి 'ఆయుష్ క్వాథ్' తాగమంది. మా వీధిలో ప్రతి ఇంట్లోంచీ అదే ఘాటు. వాడికప్పుడు ఐదారేళ్ళు. వాళ్ళమ్మ ముక్కు మూసి పట్టించిన సంగతి వాడి నాలుక మర్చిపోలేదు. నా నాలుకా మర్చిపోలేదు. చల్లపల్లి దగ్గర మా అమ్మమ్మగారింట్లో జ్వరం తగిలిందంటే ఇత్తడి గిన్నె పొయ్యెక్కేది. "కదలకుండా తాగవే, చివరి గుక్కలోనే ఉంది మందు" అనేది అమ్మమ్మ. చివరి గుక్కలో మడ్డి ఉండేది.

ఆ చేదుకి కారణం ఏమిటో చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. శార్ఙ్గధర సంహితలో క్వాథానికి లెక్క చెప్పారు: ఒక వంతు మూలికకి పదహారు వంతుల నీళ్ళు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించాలి. అంతసేపు మరిగితే ఆకులోని సువాసన ఆవిరితో పాటు వంటింటి కిటికీలోంచి వెళ్ళిపోతుంది. గిన్నెలో మిగిలేది చేదూ వగరూ. వేళ్ళకీ బెరళ్ళకీ ఆ మంట కావాలేమో గానీ, తులసి ఆకుకీ పుదీనాకీ అంత శిక్ష ఎందుకు?

అదే పుస్తకం ఇంకో దారీ చూపించింది. కషాయాలు ఐదు రకాలు. పిండిన రసం స్వరసం, నూరిన ముద్ద కల్కం, మరిగించింది క్వాథం. వేడి నీళ్ళు పోసి కాసేపుంచి వడకట్టేది ఫాంటం. ఐదోది హిమం: ఒక వంతుకి ఆరు వంతుల చన్నీళ్ళు పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే వడకట్టడం. అంటే ఇవాళ కాఫీ షాపుల్లో 'కోల్డ్ బ్రూ' అని రెండు వందలకి అమ్మే పద్ధతికి మన దగ్గర ఎప్పట్నుంచో మంచి పేరుంది. రోహిణి కార్తెలో వినడానికే చల్లగా ఉండే పేరు. మనమేమో ఐదింట్లో ఒక్క క్వాథాన్ని పట్టుకుని, దాన్నే కషాయం అని, పిల్లల్ని పరుగెత్తిస్తున్నాం.

నా పద్ధతి హిమానికీ ఫాంటానికీ మధ్యలో ఉంటుంది. సాయంత్రం నీడ పడ్డాక గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్తాను. పెరడంటే పటమటలో మా ఇంటి వెనక మూడు గజాల మన్ను, గోడ వెంట పాత బకెట్లు. నిమ్మగడ్డి దుబ్బుని జాగ్రత్తగా పట్టుకోవాలి, ఆకు అంచు బ్లేడులా వేలు కోస్తుంది. నాక్కావలసింది ఆకు కంటే మొదలు దగ్గరి తెల్లటి కాడ. రెండు కాడలు తీసి రోకలి బండతో ఓ దెబ్బ వేస్తాను. నిమ్మగడ్డి చన్నీళ్ళకి త్వరగా లొంగదు కాబట్టి దీనికి మాత్రం ఓ గ్లాసు సలసల కాగిన నీళ్ళు పోసి మూత పెడతాను. మూత పెట్టడమే అసలు పని. సిట్రాల్ అనే తైలం వల్ల దానికా నిమ్మ వాసన. అది గాలికి ఎగిరిపోయే రకం. పది నిమిషాలాగి, లీటరు కుండ నీళ్ళలో ఆ గ్లాసుడూ వంపి, అప్పుడు ఎనిమిదో పదో తులసి ఆకులు, గుప్పెడు పుదీనా వేళ్ళతో నలిపి వేస్తాను. సీసా ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి నీళ్ళు లేత పసుపు రంగుకి తిరుగుతాయి. వడకట్టడమే తరువాయి.

వీటన్నిటికంటే నాకిష్టమైనది ఎవరూ నాటనిది. తులసి కోట మొదట్లో, బకెట్ల పగుళ్ళలో, గోడ వారన తడి ఉన్న ప్రతిచోటా మూడు గుండె ఆకారపు రేకులతో పాకే పులిచింత. చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది. పనమ్మాయి దాన్ని పిచ్చిమొక్కని పీకేస్తుంటే "ఉండవే, అది నా నిమ్మకాయ" అంటాను. పులిచింతల అంటే అందరికీ కృష్ణ మీది డ్యాం గుర్తొస్తుంది, నాకు మాత్రం నోట్లో నీళ్ళూరతాయి. పది పన్నెండు రెమ్మలు వేస్తే చాలు, నిమ్మకాయ పిండక్కర్లేదు. అంతకు మించి వెయ్యను. ఆ పులుపు ఆక్సాలిక్ ఆమ్లానిది, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి పడదు. మా ఆయన గ్లాసులో అసలే వెయ్యను.

అన్నీ కుదరవు. వామాకు వేసిన రోజు సీసా మూత తియ్యగానే ఇల్లంతా కడుపునొప్పి మందు వాసన. బజ్జీకి పుట్టిన ఆకుని నీళ్ళలో ముంచడం నాదే తప్పు. ఇంకోసారి ఎవరో చెప్పారని ఆకులూ నీళ్ళూ గాజు సీసాలో పోసి డాబా మీద ఎండలో పెట్టాను, ఇంత ఎండ ఊరికే పోతోంది కదా అని. సాయంత్రానికి తెచ్చి గ్లాసులో వంపితే నీళ్ళు జిగురుగా తీగ సాగాయి. బెజవాడ ఎండ మనల్ని ఉడికిస్తుంది గానీ, సీసాలో నీళ్ళని సూక్ష్మజీవులు చచ్చేంత వేడి చెయ్యదు, అవి పెరగడానికి సరిపడా వేడి చేస్తుంది. అప్పట్నుంచి నానబెట్టడం ఫ్రిజ్‌లోనే. రెండో రోజు దాటితే మిగిలింది మొక్కలకి.

శంఖుపువ్వు గురించి అందరూ అడుగుతారు. నీళ్ళలో నాలుగు నీలం పూలు వేస్తే నీళ్ళు నీలంగా మారి, నిమ్మరసం చుక్క పడగానే ఊదా రంగుకి తిరగడం వీడియోల్లో చూసే ఉంటారు. రంగు అద్భుతం. రుచి మాత్రం నీళ్ళ రుచే. చుట్టాలొచ్చినప్పుడు పిల్లల్ని ఆడించడానికి పనికొస్తుంది, అంతకు మించి నేను పొగడలేను. దేవుడికి పెట్టుకోవడమే మేలు.

అసలు సంగతి గోంగూర. గోంగూరంటే పచ్చడనీ, పప్పనీ, మాంసంలోకనీ తప్ప తాగడానికని ఎవరికైనా తోస్తుందా? ఎర్ర కాడల గోంగూరని కొయ్యకుండా వదిలేస్తే, పొద్దు తగ్గే రోజుల్లో, కార్తీకం దగ్గర్నుంచి, పూత పూసి కాయ పడుతుంది. ఆ కాయని పట్టుకుని దళసరిగా ఎర్రటి రేకులు ఉంటాయి. అవి ఎండబెట్టి నీళ్ళలో వేస్తే దానిమ్మ రసం లాంటి ఎరుపు, నాలుక చివర పట్టేసే పులుపు. ఈజిప్టులో దీన్నే కర్కదే అంటారు, పెళ్ళిళ్ళలో పోస్తారు. సెనెగల్‌లో బిస్సాప్. మెక్సికోలో జమైకా నీళ్ళు. జమైకాలో మాత్రం సోరెల్ అని అల్లం వేసి క్రిస్మస్‌కి తాగుతారు. హైదరాబాదు మాల్‌లో 'హైబిస్కస్ టీ' అని అందమైన రేకు డబ్బాలో చూసి, మందారం కాబోలనుకుని వెనక్కి తిప్పి చదివితే హైబిస్కస్ సబ్డరిఫా అని ఉంది. మన గోంగూరే! ఆకు మనం తిన్నాం, కాయ చుట్టూ ఉన్న రేకుల్ని లోకమంతా తాగుతోంది.

ఆ తర్వాతి కార్తీకంలో రైతు బజారులో ఆకుకూరలమ్మే ఆవిణ్ణి అడిగాను. కంకిపాడు వైపు నుంచి వస్తుందావిడ. "గోంగూర కాయలా? ముదిరిపోయిన చెట్లండీ అయ్యి. పీకి గట్టున పడేస్తాం. మీకేటికమ్మా?" అంది. తాగడానికన్నాను. నా మొహం వంక ఓసారి చూసి, ఏ జబ్బని అడగలేక ఊరుకుంది. రెండు రోజుల తర్వాత గోనెసంచిలో సగం తెచ్చింది. డబ్బులు తీసుకోనంది, చెత్తకి డబ్బులేంటని. నేనే బలవంతంగా ఇచ్చాను. గింజ తీసి రేకులు వలిచి, బట్ట కప్పి నాలుగెండలు ఎండబెడితే సీసాడు వచ్చాయి. వేసవంతా సరిపోయాయి. లీటరు చన్నీళ్ళకి గుప్పెడు, రాత్రంతా, అంతే.

తీపి మాటకొస్తే, గోంగూర రేకులకి మాత్రం బెల్లం కావాలి. పంచదార వేసి చూశాను, పులుపూ తీపీ దేని దారి దానిదే. బెల్లం దగ్గర మనకి గురువు దూరాన లేడు, కృష్ణ దాటితే మంగళగిరి కొండ మీద ఉన్నాడు. పానకాల నరసింహస్వామి నోట్లో శంఖంతో బెల్లం పానకం పోస్తారు, సగం తాగాక గుటక చప్పుడై ఆగిపోతుందని నమ్మకం, మిగతా సగం మనకి ప్రసాదం. అంత బెల్లం నీళ్ళు ఒలికే చోట చీమ కనపడదని చెప్పుకుంటారు. శ్రీరామనవమికి పందిట్లో పోసే పానకంలోనూ మిరియాలూ యాలకులూ తులసీ ఉంటాయి. 2020లో పిల్లల ముక్కు మూసి పట్టించిన సరుకుల్లో రెండు ఇందులోనే ఉన్నాయి. పానకాన్ని మాత్రం ఏ పిల్లాడూ కషాయమన్లేదు. బెల్లం వేశారు, మరిగించలేదు, దేవుడు ముందు తాగాడు.

ఈ సంగతి రాశానని వీధిలో కనిపించిన ఆకల్లా కొయ్యకండి. మా ఊరి నడిబొడ్డున ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. వాటి గట్టున పచ్చగా గుంటగలగర, సరస్వతాకు కనిపిస్తాయి. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలేదేమిటో చూసినవాళ్ళెవరూ ఆ ఆకు నోట్లో పెట్టుకోరు. చిన్నప్పుడు అమ్మమ్మ పొలం గట్టున కోసింది కదా అంటే, అప్పటి గట్టు మీద ఇన్ని పురుగుమందులు కొట్టేవాళ్ళు కాదు. పేరు తెలియని మొక్క జోలికి పోకూడదు. పూలు బావున్నాయని గన్నేరు పెంచుకుంటాం, దాని ఆకు నుంచి వేరు దాకా విషమే. ఇక తిప్పతీగ. 2021లో ముంబై వైద్యులు, అది విడవకుండా వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ తగువు తీర్చే చదువు నాకు లేదు, అందుకే మా గోడ మీద అది గుబురుగా అల్లుకున్నా సీసా దాకా రానివ్వను. నేను చేసేది మందు కాదు. ఏ జబ్బూ తగ్గదు దీంతో. దాహం తగ్గుతుంది.

మొన్న మా అత్తగారు కూడా దారికొచ్చారు. ఎనభై ఏళ్ళు దాటాయి, ఫ్రిజ్ నీళ్ళంటే గొంతు పట్టేస్తుందని ఇన్నాళ్ళూ ముట్టలేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. విసనకర్రతో విసురుకుంటూ అరుగు మీద కూర్చుని, నన్ను చూడకుండానే, "ఏవమ్మా, ఆ పిల్లాడికి పోస్తావే ఎర్రవి, ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయన్నాను. "కాస్త బెల్లం ఎక్కువెయ్యి. ఐసు వద్దులే." గ్లాసు అందుకుని కాసేపు చేతుల్లో తిప్పుతూ చలవ చూసుకున్నారు. ఓ గుక్క తాగి, "గోంగూరే!" అన్నారు. తర్వాత ఇంకో గుక్క. "ఇందులోకి ఉల్లిపాయ ముక్క ఉంటేనా..." అని తనలో తనే నవ్వుకున్నారు.