‘నాది’ అన్న ఒక్క మాట

ఇబ్న్ అల్-అవ్వామ్ పుస్తకంలో నన్ను పట్టి నిలబెట్టింది 585 మొక్కల వివరం కాదు, ‘లీ’ అనే చిన్న అరబ్బీ మాట. ‘నాది’ అని అర్థం.

12వ శతాబ్దం చివర స్పెయిన్‌లోని సెవిల్‌లో ఉండేవాడాయన. ‘కితాబ్ అల్-ఫిలాహా’, అంటే సేద్యపు పుస్తకం, రాస్తూ ముందు పెద్దల మాటలు వరసగా పెడతాడు. ఇరాక్ నుంచి వచ్చిన ‘నబతీయ సేద్యం’ అనే గ్రంథం ఇలా అంది, మన సెవిల్‌వాడే అబుల్ ఖైర్ అలా అన్నాడు అని. ఆ తర్వాత ‘లీ’ అని గుర్తుపెట్టి, సెవిల్ పక్కనున్న అష్షరఫ్ మెట్టల్లో తను చేసి చూసింది చెబుతాడు. విన్నదానికీ చేసినదానికీ మధ్య గట్టు వేసినట్టుంటుంది.

వినికిడి మాటల్లో తమాషా అయినవీ లేకపోలేదు. కాపు పట్టని చెట్టు ముందు ఒకడు గొడ్డలెత్తి నరికేస్తానంటాడు. రెండోవాడు అడ్డుపడి, ఈ ఒక్క ఏడూ చూడు, కాస్తుందని పూచీపడతాడు. ఇలాంటివి తీసేస్తే పుస్తకం శుభ్రపడేదేమో గానీ, నాకైతే ఉండటమే బాగుంది.

నీటి దగ్గరకొస్తే మాత్రం చేయి తిరిగినవాడి మాటే. చెట్టు మొదట్లో రెండు మట్టికుండలు పెట్టమంటాడు. అడుగున సన్నని బెజ్జం. నీళ్లు బొట్టుబొట్టుగా వేరుకి దిగుతాయి, కుండ ఖాళీ అయితే మళ్లీ నింపాలి. మామిడి మొక్క పక్కన కుండ పాతిన రాయలసీమ రైతుకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఆయన వాడుకున్న పెద్దల్లో ఇబ్న్ బస్సాల్ ఇంకో రకం మనిషి. తొలేదోలో రాజుగారి తోట చూసేవాడు. 1085లో ఆ ఊరు క్రైస్తవ రాజు ఆరో అల్ఫాన్సో వశమయ్యాక సెవిల్ చేరాడు. ఎవరి మాటా ఎత్తుకోడు, అంతా తన చేతి అనుభవమే. నేలల్ని పది రకాలుగా విడదీసి, ఏ రుతువులో ఏ నేల సత్తా ఎంతో తేల్చాడు. బీడు నేలని జనవరికీ మే నెలకీ మధ్య నాలుగుసార్లు దున్నాలని పట్టుబట్టాడు. బరువు నేలలో పత్తి వెయ్యాలంటే పది దుక్కుల దాకా పడాలన్నాడు. పది! ఎద్దుల మాట ఎవరడిగారో.

ఇబ్న్ అల్-అవ్వామ్ గ్రంథాన్ని 1802లో బాంకేరి అనే మతాచార్యుడు స్పానిష్‌లోకి తెచ్చి, అరబ్బీ మూలంతో సహా మాడ్రిడ్‌లో రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. అప్పటికి ఆరువందల ఏళ్లు గడిచాయి. కానీ స్పెయిన్ రైతు అంతకు ఎంతో ముందునుంచే కాలువని ‘అసేకియా’ అనీ, నీటిచక్రాన్ని ‘నోరియా’ అనీ, పత్తిని ‘అల్గొదోన్’ అనీ అంటున్నాడు. మూడూ అరబ్బీ మాటలే.